సోమక్క వినని మాట

చిన్నప్పుడు బస్సులో కిటికీ సీటు కోసం అన్నతో జుట్లు పీక్కున్న అశ్విని, ఈ రోజు కిటికీ పక్కనే కూర్చుని కూడా బయటికి చూడలేదు. పెనుకొండ దాటి హిందూపురం వచ్చేదాకా తల్లి సోమక్క కూతురినే చూస్తూ కూర్చుంది. నెల రోజులుగా పిల్ల ఇంతే. గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పని మానేసింది. తినదు, తల దువ్వుకోదు, గోడవైపు తిరిగి పడుకుంటుంది. తండ్రి తిమ్మప్ప తనకు తెలిసిన వైద్యాలన్నీ చేశాడు. తాయెత్తు కట్టించాడు, దిష్టి తీయించాడు, చివరికి సోమరితనమని తిట్టాడు. ఆ మూడింటికీ లొంగని జబ్బొకటి ఉంటుందంటే ఆయన ఒప్పుకోడు. ఆశా వర్కరు బుజ్జమ్మ వెంటబడి పోరు పెట్టబట్టి గానీ, లేకపోతే ఈ ఆస్పత్రి ప్రయాణం జరిగేది కాదు.

బయల్దేరేటప్పుడు తిమ్మప్ప గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు.

"ఆడ వీరేష్ సంగతి ఎత్తొద్దు. ఎవురన్నా అడిగితే నీళ్లు తోడతా బావిలోకి జారినాడని చెప్పు. నిజం బయటపడితే ఈ పిల్లని ఎవురు చేసుకుంటారు?"

వీరేష్ వాళ్ల కొడుకు. పోయి రెండేళ్లయింది. జారిపడ్డాడనే ఊరంతా నమ్మింది.

ఆస్పత్రిలో డాక్టరంటే తల నెరిసినాయన ఉంటాడనుకుంది సోమక్క. తీరా చూస్తే కూతురి ఈడు పిల్ల, పేరు కీర్తన. ఈమెకేం తెలుసులే అనుకుంది. ఆ పిల్ల మాత్రం తొందరపడకుండా వింది. నిద్ర లేదని, ఒళ్లంతా బరువని, అన్నం మట్టిలా ఉందని అశ్విని ముక్కలు ముక్కలుగా చెప్పింది. అప్పుడు కీర్తన, జ్వరం ఉందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"చచ్చిపోవాలని అనిపిస్తోందా, అశ్వినీ?"

సోమక్క కూతురి భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "అయ్యో, అదేం మాట మేడమ్! లేని తలపు మీరే పుట్టిస్తాండారే!"

"అడిగితే పుట్టదమ్మా. ఉంటే బయటికొస్తుంది."

అశ్విని తల వంచుకుని, అవునన్నట్టు ఊపింది.

"మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇట్లా అయిందా?"

"మావోడు నీళ్లు తోడతా..." అని మొదలుపెట్టి సోమక్క కూతురి ముఖం చూసింది. ఆఖరి రోజుల్లో వీరేష్ ముఖం అచ్చం ఇట్లాగే ఉండేది. ఇక అబద్ధం ముందుకు సాగలేదు.

"జారలేదు మేడమ్. నా కొడుకు జారలేదు. వాడే పోయినాడు."

వేసవిలో గొర్రెల మందను ఊరూరా తోలుకుపోయి, ఎరువు కోసం రైతుల చేలల్లో నిలపడం ఆ ఇంటి పని. ఆ ఏడాది వీరేష్ మాటా పలుకూ మానేశాడు. గాలి మారితే సర్దుకుంటాడని అందరూ అన్నారు. ఎప్పుడూ ఇద్దరు పోయే మందతో, ఒంటిగా తిరిగితే కుదుటపడతాడని, వాడి మంచి కోరే ఒక్కణ్నే పంపారు.

"పొయ్యేముందు నా కొంగు పట్టుకున్నాడు. నన్ను ఒంటిగా పంపొద్దు మా, నాకు నా మీదే భయంగా ఉండాది అన్న్యాడు. గడ్డాలొచ్చిన మగోడివి, భయమేమిరా అని నవ్వితిని. నేనే సద్ది కట్టి పంపిస్తిని. వారం తిరక్కముందే ధర్మవరం పక్కనుంచి ఫోనొచ్చె."

అశ్విని తలెత్తింది. "సచ్చిపొయ్యేముందు సాయంత్రం అన్న నాకు ఫోన్ చేసినాడు మా. నేను షిఫ్టులో ఉంటి. పనుండాది, రేపు మాట్లాడతాలే అన్నా అని పెట్టేస్తి. నేను మాట్లాడింటే ఉండేటోడు."

రెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటూ తల్లీ కూతుళ్లు ఒకరికి తెలియకుండా ఒకరు అదే పాపాన్ని మోశారు. సోమక్క కూతుర్ని గుండెకు హత్తుకుంది. "నీ తప్పు కాదు నా తల్లీ, నీది కాదు" అంది. ఆ మాట తనకు తాను చెప్పుకోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

కీర్తన ఇద్దరినీ ఏడవనిచ్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఇది జబ్బు, పాపం కాదు. మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది. బాగున్నట్టు అనిపించినా తనకు చెప్పకుండా ఆపకూడదు. పిల్లను ఒంటరిగా వదలకూడదు. తానడిగిన మాటే తల్లి కూడా రోజూ అడగాలి.

డాక్టరుకు నిజం చెప్పేసిందని తెలిసి ఇంట్లో తిమ్మప్ప రంకెలు వేశాడు. "పెండ్లి కాకపోతే మానె. నాకు పిల్ల ఉండాల" అంది సోమక్క. పెళ్లయ్యాక మొగుడికి ఆమె ఎదురు చెప్పడం అదే మొదలు.

రోజూ పొద్దుగూకేవేళ ఇద్దరూ రోడ్డుదాకా నడిచేవాళ్లు. "ఈ పొద్దు ఆ తలపు వచ్చెనా?" అని అడగడానికి సోమక్కకు మొదట్లో నాలుక మడతపడేది. అశ్విని కొన్నాళ్లు అవునని తల ఊపింది, కొన్నాళ్లు ముఖం తిప్పుకుంది. ఒక రోజు సంగటి ముద్ద మొత్తం తినేది, మర్నాడు మళ్లీ గోడవైపు తిరిగేది. డాక్టరు ఒకసారి మందు మార్చింది.

మూడో నెలలో ఒక సాయంత్రం అశ్విని కాసేపు ఆలోచించి, "ఈ పొద్దు రాలేదు మా" అంది.

సోమక్క నవ్వి కూతురి తల నిమిరింది. ఇంటికొచ్చాక పెరట్లోకి పోయి గోడకు ఆనుకుని కూలబడింది.

"నేను అడక్కుండానే నువ్వు చెప్తివి కదరా వీరేషూ" అని వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనే ఇనలేదు."