సోములమ్మ కొడవలి

సోములమ్మ కొడవలి మొనను నిప్పుల్లోంచి తీసి, మొహం దగ్గరకు తెచ్చుకొని వేడి చూసుకుంది. ఎదురుగా తల్లి ఒడిలో పసివాడు కడుపుబ్బి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బొడ్డు పక్కన చటుక్కున ఒక వాత పెట్టి, పైన ఆముదం రాసింది.

"బేగి పాలియ్యి. మరేటీ బయం నేదు."

కొడవలిని మళ్లీ చూరులో దోపింది. అనంతగిరి దిగువన ఆ గూడెంలో ఆమె వాత లేని పొట్ట వెతికినా దొరకదు. వాటిలో ఎన్ని వాతతో తగ్గాయో, ఎన్ని వాటంతటవే తగ్గాయో దేవుడికెరుక! ముసలిది మాత్రం అన్నీ తన ఖాతాలోనే వేసుకుంది.

ఆ తర్వాత బుట్ట నడుముకు కట్టుకొని కాఫీ తోటకు పోయింది. వంగిన నడుము, బీటలు వారిన వేళ్లు, పండు ముట్టగానే పక్వం తెలిసే చెయ్యి. పక్క వరసలో కోడలు కనక పండ్లు కోస్తోంది.

"అత్తా, రేపు పొద్దున్న రైలుకి ఎల్లిపోతాం. ఈపాలి ఆ కొడవలి ముట్టుకోకే, నీ కాళ్లట్టుకుంటాను."

సోములమ్మ ఇంకో కొమ్మ వంచుకుంది. కొడుకు మంగ్లు తోట జట్టులో బంతి ఆడేవాడు. ఒక వానాకాలం ఆటలో ఎవడో మీద పడి మోకాలు మెలితిరిగింది. అప్పటినుంచి నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి కాలు బిగుసుకుపోతుంది. బస్తా మోస్తున్నవాడు దారిలోనే కూలబడిపోతాడు. ఎముకల నడుమ మెత్తలాంటిది చిరిగి, ఆ ముక్క అడ్డుపడుతోందని, కోసి తీసేయాలని విశాఖలో డాక్టరు చెప్పాడు. విత్తనాలు చల్లే రోజుల్లో అలా బయల్దేరబోతే, కత్తికి ముందు తన మందు పడాలని ఈవిడ మోకాలికి వాత పెట్టింది. పచ్చిపుండు చూసి డాక్టరు మండిపడ్డాడు. ఆ పుండు మీద కోస్తే చీము కీలులోకి దిగి కాలే పోతుందని వెనక్కి పంపేశాడు. కాలు బాగుపడకపోతే తోటలో మంగ్లుకు పని ఉండదు.

సాయంత్రం గడప దాటుతుండగా మంగ్లు కాలు మళ్లీ బిగిసింది. కనక భుజం ఆసరా ఇచ్చింది, సోములమ్మ మడమ పట్టుకుంది. పళ్లు బిగించి అతను కాలు అటూ ఇటూ తిప్పితే, టక్కుమని వదిలింది. ఆమె కళ్లు చూరు వైపు పోయాయి.

"నాలుగూళ్ల గుంటపిల్లల్ని బాగుసేసినాను. నా కడుపున పుట్టినోడికి ఏటీ సెయ్యకూడదేట్రా?" అంటూ కళ్లొత్తుకుంది.

మంగ్లుకు ప్రాణం ఉసూరుమంది. బాగున్న కాలు ముందుకు చాపాడు.

"డాట్రుబాబు ఆ మోకాలే ముట్టొద్దన్నాడు. దీనికెట్టమ్మా."

సోములమ్మ కొడవలి తీసి పొయ్యి ముందు కూర్చుంది. నిప్పుల వంక చాలాసేపు చూసింది. లేచి, కొడవలిని నీళ్లకుండలో ముంచి, ఆ చల్లని మొన కొడుకు మోకాలికి ఆనించింది. అలవాటు కొద్దీ మంగ్లు ఎగిరిపడ్డాడు.

"సల్లగుందేటే అమ్మా!"

"ఒకటి సెడింది సాలదా? రెండోది కూడా నాను పాడుసెయ్యాలా, ఎర్రిమొగమా!"

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే ముసలిది ఏడ్చింది.

తెల్లవారి మొగుడూ పెళ్లాలు రైలెక్కారు. డాక్టరు మోకీలు తెరిచి చిరిగిన మెత్తను తీసేశాడు. కుట్లు మానాయి. మంగ్లు కర్ర ఊతంతో తిరిగొచ్చేసరికి వలిసె చేలు కోతలైపోయాయి. సోములమ్మ లేదు. చలిజ్వరం వచ్చి రెండ్రోజులకే పోయిందని, కబురు పంపే దారి దొరకలేదని ఇరుగుపొరుగువాళ్లు చెప్పారు. ఆమెకు వాత పెడదామంటే గూడెంలో ఇంకెవరికీ ఆ చెయ్యి లేకపోయింది. గూడెం ఆమెను మట్టి చేసింది.

మంగ్లు గడప మీద కూర్చున్నాడు. కాలు చాపాడు, మెల్లగా ముడిచాడు. ఎక్కడా పట్టలేదు. "సూడే అమ్మా" అనబోయి, అప్పుడు ఘొల్లుమన్నాడు.

నెత్తి మీద చూరులో కొడవలి అలాగే ఉంది. ఎప్పుడూ మసితో నల్లగా ఉండే దాని మొన, ఆ సాయంత్రం తడి తుడవకుండా దోపినందుకు, ఎర్రగా తుప్పు పట్టింది.