వెండెల్ కత్తి మడిచేదాకా

పుర్రెను మట్టిలోంచి పైకి తీసేముందు వెండెల్ ఎప్పటిలాగే టోపీ తీశాడు. పూడిపోయిన పాత కోటగోడను బయటికి తీయడానికి బురుజు పునాది పక్కన తవ్వేకొద్దీ మాకు మనుషులే దొరుకుతున్నారు. వందల ఏళ్ల కిందటి తురుష్కుల ముట్టడిలో గోడ మీంచి పడ్డవాళ్లో, గోడ ఎక్కబోయి నరికించుకున్నవాళ్లో ఎవరికి తెలుసు! ఈ పుర్రెకు చెవి పైనుంచి దవడదాకా గొడ్డలి దిగిన చీలిక ఉంది. వెండెల్ మొద్దువేళ్లు ఆ చీలికలోని మట్టిని మెల్లగా తుడిచాయి. ఊళ్లో పందులు కోసే రోజుల్లోనే అతని చిటికెనవేలు సగం పోయింది.

ముందురోజు రాత్రి కూతురు ఎతెల్కా చెప్పుల్లేకుండా వచ్చి అతని తలుపు తట్టింది. పెదవి చిట్లి, ఒక కన్ను మూసుకుపోయి ఉందట. కొట్టిన మొగుడు గెల్లెర్త్ మాతోపాటు అదే గోతిలో మట్టి తోస్తున్నాడు, ఏమీ ఎరగనట్టు ఈల వేసుకుంటూ.

"ఏం మామా, మీ అమ్మాయి మెట్ల మీంచి పడ్డానని చెప్పలేదా? కళ్లు నెత్తికెక్కితే మెట్లు కనబడవులే."

వెండెల్ పుర్రెను జాగ్రత్తగా ఇసుక తట్టలో పెట్టాడు. తర్వాత పార తిరగేసి, కర్రతో అల్లుడి మూతి మీద కొట్టాడు. గెల్లెర్త్ నెత్తురు ఉమ్మి, ముసలాణ్ణి కాలర్ పట్టుకుని కోటగోడకేసి బాదాడు. మళ్లీ బాదాడు. కిందపడ్డాక బూటుకాలితో పొట్టలో తన్నాడు. మేం నలుగురం పడి లాగితే తప్ప ఆ పశువు ఆగలేదు.

"వదలండ్రా, నాకేం కాలేదు," అని వెండెల్ లేచి తాపీ అందుకున్నాడు.

మా వైపు పనివాళ్ల తిండికో పద్ధతి ఉంది. గుంపులో పెద్దవాడు, మాకైతే వెండెల్, జేబుకత్తి తెరిస్తే తిండి మొదలు, టక్కున మడిస్తే పూర్తి. అంతదాకా ఎవరూ లేవరు. ఎంత తాగుబోతైనా ఆ మాట జవదాటడు.

మధ్యాహ్నం ఎతెల్కా తలగుడ్డ కళ్లదాకా లాక్కుని తండ్రికి తిండి బుట్ట తెచ్చింది. గెల్లెర్త్ ఆమె ముంజెయ్యి పట్టుకున్నాడు. "నడు ఇంటికి."

వెండెల్ కత్తి తెరిచాడు. "తిండి మొదలైందిరా. ఇది మడిచేదాకా నా కూతురు ఎక్కడికీ రాదు. కూర్చో."

గెల్లెర్త్ బూతులు తిట్టి కూర్చున్నాడు. "ఎంతసేపు తింటావో నేనూ చూస్తా, ముసలాడా. మడిచాక దీన్ని జుట్టు పట్టి ఈడ్చుకుపోతా."

వెండెల్ అంత నెమ్మదిగా తినడం నేనెన్నడూ చూడలేదు. ఉప్పుపట్టిన పందికొవ్వును పల్చగా కోశాడు, ఉల్లిపాయను ఇంకా పల్చగా కోశాడు. నుదుటి మీద చెమట పట్టింది. మొహం సున్నంలా పాలిపోయింది.

"నొప్పిగా ఉందా నాన్నా?"

"లేదే తల్లీ. నువ్వు తిను. తొందరేం లేదు."

టోపీ కళ్ల మీదికి లాక్కుని గోడకు చేరగిలబడ్డాడు. తెరిచిన కత్తి పిడికిట్లోనే ఉంది. కునుకు తీస్తున్నాడనుకున్నాం.

తవ్వకాల పెద్ద పిరోష్కా మేడమ్ పైనుంచి అరిచింది. "ఇంకా లేవరేం? గోడ దానంతటదే బయటికొస్తుందా?"

"కత్తింకా తెరిచే ఉంది మేడమ్," అన్నాం.

ఆమె విసుక్కుంటూ దిగివచ్చి వెండెల్ భుజం తట్టింది. టోపీ జారి పడింది. కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. లోపల ఏం చితికిందో పాపం, చివరిదాకా పైకి చెప్పలేదు.

గెల్లెర్త్ మొహం తెల్లబోయింది, అయినా పొగరు చావలేదు. "అయిపోయింది తిండి. లే," అని పెళ్లాంతో అంటూ కత్తి కోసం చెయ్యి చాచాడు.

ఎతెల్కా ముందే దాన్ని తండ్రి పిడికిట్లోంచి తీసుకుంది. మొన మొగుడి గుండెకు ఆనించింది.

"మా నాన్న మడవలేదు," అంది. "కూర్చో."

నమ్మండి, వాడు కూర్చున్నాడు. మేడమ్ పిలిపించిన పోలీసులు వచ్చి పట్టుకుపోయేదాకా అలాగే కూర్చున్నాడు.

ఆ గోడ ఇప్పుడు పూర్తిగా బయటపడింది, జనం వచ్చి ఫోటోలు తీసుకుంటున్నారు. ఎతెల్కా తండ్రి ఇంట్లోనే ఉంటోంది. రొట్టె కోయడానికి వేరే కత్తి కొనుక్కుంది. వంటింటి కిటికీ గట్టు మీద వెండెల్ జేబుకత్తి ఇప్పటికీ తెరిచే ఉంది, మడత దగ్గర ఎండిన ఉల్లిపొర ఒకటి అంటుకుని.