అయిదో రీలు

తవిటయ్యకు డెబ్భై ఆరేళ్లు. షుగరుంది, మోకాళ్ల నొప్పులున్నాయి, ఎడమ కంట్లో పొర ఉంది. వీటిలో దేనికీ బెదరని మనిషి ఒక పాత మూకీ సినిమా మాట వినగానే బెదిరిపోయాడంటే నవ్వొస్తుంది. నవ్వండి, తప్పులేదు. కాకపోతే కథ అయ్యేదాకా ఆగి నవ్వితే మంచిది.

ఆదివారం అంటే ఆయనకు అప్పలనర్సమ్మ ఇంట్లో టీ. రైల్వే వాళ్ల కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో కొడుకు క్వార్టరు నుంచి కర్ర పొడుచుకుంటూ మూడు సందులు దాటి, ఆమె రేకుల గదికి వచ్చి, గుమ్మం పక్కన పీట మీద కూచుని అల్లం టీ తాగడం. ఆమె మొగుడు పైడయ్య, ఈయన ఒకే ఊరివాళ్లు. ఒకే రైల్లో ఖరగ్‌పూర్ వచ్చి, వర్క్‌షాపులో ఒకే రోజున చేరారు. పైడయ్య పోయి నలభై ఏళ్లు దాటింది. గోడ మీది ఫోటోలో మాత్రం ఇంకా పాతికేళ్ల కుర్రాడే.

ఆ ఆదివారం పొద్దున టీ సగంలో ఉండగా ఆమె మనవడు కిరణ్‌కుమార్ సైకిలు దిగుతూనే చెప్పాడు.

"తాతా, సాయంత్రం అయిదింటికి. హాలు దొరికినాది. మైకు పట్టుకుని ఎనకటిలాగ నువ్వే సెప్పాల."

"ఏటి సెప్పాల్రా?"

"మీ టోపీవోడి సినిమా. రష్యావోళ్లది. నెట్‌లో దొరికినాది, పూర్తి సినిమా. వందేళ్లదైనా ఒక్క గీత నేకుండా బాగుసేసి పెట్టినారు."

పూర్తి అన్న మాట దగ్గర తవిటయ్యకు పొలమారింది. అప్పలనర్సమ్మ నడినెత్తిన తట్టి, "ఎవులో తలుసుకుంటన్నారు" అంది.

"నువ్వు సూసినావేటి?" అన్నాడు తవిటయ్య, దగ్గు ఆగాక.

"ఫోన్లో కొంచెం సూసినాను. మాటల్నేవు కదా, నిద్దరొచ్చేసింది. నువ్వు సెప్తేనే అది సినిమా."

కిరణ్ నిమ్‌పురా యార్డులో ఒక కాంట్రాక్టరు కింద వ్యాగన్లు కడిగే పనిలో ఉండేవాడు. పోయిన నెల ఆ కాంట్రాక్టరు నలభై మందిని ఒక్క మాటతో మానిపించేశాడు. సోమవారం పొద్దున యార్డు గేటు ముందు ధర్నా అనుకున్నారు. పోలీసులొస్తారని ఊళ్లో చెప్పుకుంటున్నారు. నలభై మందిలో సగం మంది ఇప్పటికే నీళ్లు నములుతున్నారు. ముందు రోజు ఈ సినిమా చూపిస్తే అందరికీ గుండె దిటవు వస్తుందని కిరణ్ ఉపాయం.

"మా తాత నిలబడినట్టే నానూ ముందు నిలబడతాను" అన్నాడు, ఫోటో కేసి చూసి.

తవిటయ్య చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. ఆ సినిమా సంగతి ఈ భూమ్మీద ఇద్దరికి తెలుసు. రెండోవాడు ఏబెల్, సమాధిలో ఉన్నాడు.

యాభై ఏళ్ల కిందట, ఆ పెద్ద రైల్వే సమ్మెకు వారం ముందు, యూనియన్ వాళ్లు కలకత్తా నుంచి ఆ అయిదు రీళ్లూ డబ్బాల్లో తెప్పించారు. మైదానంలో రెండు దుప్పట్లు కలిపి కుట్టి తెర కట్టారు. ప్రొజెక్టరు నడిపేది ఏబెల్. తెర పక్కన నిలబడి కథ చెప్పేది తవిటయ్య. మాటల్లేని సినిమా, మధ్యమధ్య వచ్చే రాతలు ఇంగ్లీషులో. ఎస్సెల్సీ తప్పినా వాటిని కూడబలుక్కునేపాటి చదువు ఆయనకుంది. మిగిలినదానికి గొంతుంది. ఆ గొంతు వినడానికే జనం వచ్చేవారు.

ఇంజన్లు తయారుచేసే ఊరు. కూలి తగ్గిస్తే పనివాళ్లు తిరగబడతారు. నాలుగో రీల్లో సిపాయిలు వరసగా నిలబడి తుపాకులు గురిపెడతారు. ఒక ముసలి ఫిట్టరు టోపీ తీసి, గుండెకు ఆనించుకుని, వాళ్ల కేసి నడుస్తాడు. సిపాయిలు ఒక్కొక్కరే తుపాకులు దించేస్తారు. అయిదో రీల్లో ఇంకో దండు రైలు దిగుతుంది. ఈ దండు దించదు. కాలుస్తుంది. ముసలాడు పడిపోతాడు. పట్టాల మీద టోపీ మిగులుతుంది. సినిమా అంతే.

ముందు రోజు ఏబెల్, తవిటయ్య ఇద్దరే వేసుకుని చూశారు. "ఇది సూపిస్తే సమ్మెకి ఒక్కడు రాడు" అన్నాడు తవిటయ్య. అప్పుడు ఇద్దరూ కలిసి ఒక ఘనకార్యం చేశారు. మూడో రీలు కాగానే అయిదోది వేసి, నాలుగోది చివర వేశారు. మరి చచ్చినవాడు తర్వాతి రీల్లో లేచి నడిచొస్తే జనం ఊరుకుంటారా? దానికీ తవిటయ్య దగ్గర మందుంది. "పడిపోయినోడు అన్న. ఈడు తమ్ముడు. కవలలు" అని గొంతెత్తి చెప్పాడు. డబుల్ యాక్షన్ సినిమాలు మరిగిన జనం. అన్న చచ్చాక తమ్ముడు రావడం ఏ దేశంలోనైనా న్యాయమే అనుకున్నారు. తమ్ముడు టోపీ తీసి నడుస్తుంటే మైదానం ఈలలతో అదిరింది.

ఆ టోపీయే సెటిల్‌మెంట్‌లో ఆచారమై కూచుంది. మనకు టోపీలెక్కడివి, తువ్వాళ్లే. ఎవరికి ఎదురు తిరగాలన్నా భుజం మీది తువ్వాలు తీసి గుండెకు ఆనించుకుంటారు. కుళాయి దగ్గర తగువొస్తే ఆడవాళ్లు కొంగుతో అదే పని చేస్తారు. ఎక్కణ్ణుంచి వచ్చిందో సగం మందికి తెలియదు.

సమ్మె ఆరో రోజున వర్క్‌షాపు గేటు దగ్గర పోలీసులు లాఠీలెత్తారు. అందరూ పరిగెత్తారు. పైడయ్య ఒక్కడూ తువ్వాలు గుండెకు ఆనించుకుని ముందుకు నడిచాడు. పోలీసులు సినిమా చూడలేదు కదా. కాలు రెండు చోట్ల విరిగింది, ఉద్యోగం ఊడింది. మంచానికీ గుమ్మానికీ మధ్య ఏడేళ్లు బతికి పోయాడు. అప్పలనర్సమ్మ ఇడ్లీ బండి తోసి పిల్లల్ని పెంచింది. ఆ రోజు గేటు దగ్గర తవిటయ్య ఎక్కడున్నాడని ఎవరూ అడగలేదు. ఆయనా చెప్పలేదు. ఆదివారం ఆదివారం వచ్చి టీ తాగాడు.

కిరణ్ కుర్చీలు చూడ్డానికి వెళ్లిపోయాడు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాడు తవిటయ్య. నాలుక మీదికి వచ్చింది కూడా.

"సెల్లీ, ఆ సినిమాలో..."

"ఆ సినిమాయే కదన్నా ఆయన్ని ఏడేళ్లు నిలబెట్టినాది" అంది ఆమె, గ్లాసు కడుగుతూ. "కాలు నొప్పెట్టినప్పుడల్లా అదే మాట. తమ్ముడు గెలిసినాడే, నానూ గెలిసినట్టేనే అనీవోడు. నాను ఆ రోజు సంటిదాన్నెత్తుకుని సగమే సూసినాను. ఇయ్యాల ముందు వరసలో కూసుంటాను."

నాలుక మీదికి వచ్చింది మళ్లీ కడుపులోకి పోయింది. అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు తవిటయ్య. ఇంటికెళ్లి అన్నం ముట్టలేదు. గొంతు బాగోలేదని కిరణ్‌కు ఫోను చేస్తే, వాడు మిరియాల కషాయం పంపించాడు. కరెంటు పోతే బావుణ్ణని సత్తెమ్మతల్లికి మొక్కుకున్నాడు. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోలేదు. దేవతలకు కూడా కొన్ని మొక్కులంటే చిరాకు.

అయిదింటికి హాలు నిండింది. నిమ్‌పురా కుర్రాళ్లు, వాళ్ల పెళ్లాలు, ఇందా పేట నుంచి ఇద్దరు ముగ్గురు బెంగాలీలు, ఆనాటి సినిమా చూసిన ముసలివాళ్లు ఓ పదిమంది. ముందు వరసలో అప్పలనర్సమ్మ, ఉతికిన నేత చీర కట్టుకుని. కిరణ్ లాప్‌టాప్ దగ్గర కూచుని సైగ చేశాడు.

తవిటయ్య మైకు పట్టుకున్నాడు. గొంతు మోసం చేయలేదు, అదే వచ్చిన చిక్కు. తెర మీద కొలిమి కనిపించగానే తనంత తాను కథ అందుకుంది. మూడు భాగాలూ హాలు ఊపిరి బిగబట్టి విన్నది. ఆయన చొక్కా మాత్రం చెమటకు వీపుకు అంటుకుపోయింది. మూడో భాగం అవుతుండగా ముసలమ్మ ఒకామె అడగనే అడిగింది: "అన్న సచ్చిపోయీది ఇంకా రానేదేటి?" అప్పలనర్సమ్మ ఆమెను "ఉండవే, వస్తాది" అని కసిరింది. తవిటయ్య విననట్టు కథ సాగించాడు.

నాలుగో భాగంలో ముసలి ఫిట్టరు టోపీ తీశాడు. హాల్లో మగవాళ్లంతా, ఎవరూ చెప్పకుండానే, తువ్వాళ్లు తీసి గుండెకు ఆనించుకున్నారు. తెర మీద తుపాకులు దిగాయి. చప్పట్లు, ఈలలు. అప్పలనర్సమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తెర నల్లబడింది. జనం లేచి కుర్చీలు జరుపుతున్నారు. కిరణ్ ముఖం వెలిగిపోతోంది. మీట మీద వేలు పెట్టి అడిగాడు.

"తాతా, అయిపోయినట్టేనా? ఆపేద్దునా?"

ఊఁ అంటే చాలు. ఊఁ కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు. అప్పలనర్సమ్మ వచ్చే ఆదివారం కూడా అల్లం టీ పెడుతుంది. రేపు పొద్దున కిరణ్ తువ్వాలు గుండెకు ఆనించుకుని గేటు ముందుకు నడుస్తాడు, లాఠీలు దిగిపోతాయని నమ్మి. తవిటయ్య కిరణ్ కాళ్ల కేసి చూశాడు. ముప్పై ఏళ్ల కాళ్లు, వంకర లేని కాళ్లు.

"ఆపకు" అన్నాడు మైకులో. "కూసోండి అందరూ. ఇంకా ఉన్నాది."

అయిదో భాగం మొదలైంది. రైలొచ్చి ఆగింది. కొత్త దండు దిగింది. తవిటయ్య కథ చెప్పలేదు. సంగతి చెప్పాడు.

"ఈ రీలు ఆ రోజు నాలుగోదాని కన్నా ముందేసినాం. నానూ ఏబెలూ కలిసి ఏసినాం. అన్నా నేడు, తమ్ముడూ నేడు. ఇందాక నడిసినోడే ఈడు. ఒక్కడే."

తెర మీద ఆ ఒక్కడూ మళ్లీ టోపీ తీశాడు, మళ్లీ నడిచాడు. కాల్చేశారు. పట్టాల మీద టోపీ మిగిలింది. ఎవరో లైట్లు వేశారు. జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకోకుండా బయటికి నడిచారు. కొందరు తువ్వాళ్లు మడిచి సంచుల్లో పెట్టేసుకున్నారు. కిరణ్ లాప్‌టాప్ ముందు అలాగే కూచున్నాడు.

అప్పలనర్సమ్మ మెల్లగా నడిచి తవిటయ్య దగ్గరికి వచ్చింది.

"మా ఆయనకి ఇది తెల్దు" అంది.

"తెల్దు సెల్లీ."

"నీకు తెలుసు."

"తెలుసు."

"ఆ రోజు గేటు కాడ నువ్వెక్కడున్నావన్నా?"

యాభై ఏళ్లు ఆయన ఈ ప్రశ్నకే భయపడ్డాడు. రీళ్లు తారుమారు చేసినందుకు కాదు. దానికేం, మంచికే చేశామని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాడు. దీనికే ఏ సర్దుబాటూ దొరకలేదు.

"స్టోర్సు షెడ్డు ఎనకాల" అన్నాడు. "నాను అసలు వరసలో సూసినోణ్ణి కదా. ఏటవుద్దో నాకు తెలుసు. అందుకే ఎనకాల ఉండిపోనాను."

ఆమె కేకలేయలేదు, తిట్టలేదు. తిడితే బావుణ్ణనిపించింది ఆయనకు.

"ఇంక ఆదివారం రాకు" అని, మనవడి భుజం పట్టుకుని లేపి తీసుకుపోయింది.

ఆ రాత్రి తవిటయ్య పడుకోలేదని వేరే చెప్పాలా. తెల్లవారుతూనే కోడలు మీనాకుమారి స్నానానికి నీళ్లు పెడితే చేసి, ఉతికిన తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఎక్కడికి మామయ్యా అని ఆమె అడిగింది. పని ఉన్నాది అన్నాడు. మోకాళ్లు సహకరించక నిమ్‌పురాకు టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కాడు.

గేటు ముందు నలభై మంది లేరు. లెక్కపెడితే పదకొండు మంది. మిగతావాళ్లు నిన్నటి అయిదో భాగం చూసి ఇళ్లల్లో ఉండిపోయారు. తన ఒక్క నోటి మాటతో కుర్రాళ్ల పనులు శాశ్వతంగా పోయాయేమోనని తవిటయ్య ప్రాణం కొట్టుకుంది. నిజం చెప్పి పాపం మూటగట్టుకున్నానా అనుకున్నాడు. అయినా ఆ పదకొండు మంది ఏమవుతుందో తెలిసి వచ్చినవాళ్లు. ముందు కిరణ్ ఉన్నాడు. ముఖం పాలిపోయి ఉంది, కాళ్లు మాత్రం కదల్లేదు. గోడ వారన అప్పలనర్సమ్మ నిలబడి ఉంది.

దూరంగా పోలీసు జీపులు రెండు మలుపు తిరిగాయి.

తవిటయ్య కర్ర పొడుచుకుంటూ వాళ్లందర్నీ దాటి, కిరణ్‌ను కూడా దాటి, రెండడుగులు ముందు ఆగాడు. కర్ర ఒక చేత, తువ్వాలు ఒక చేత. తువ్వాలు తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"తాతా, ఏటిది, ఎనక్కి రా" అన్నాడు కిరణ్, కంగారుగా. "నిన్న నువ్వే కదా సూపించినావు. ఇది సినిమా కాదు, వాళ్లు నిజంగా కొడతారు."

జీపులు ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. తవిటయ్య ఒకసారి గోడ వైపు చూశాడు. అప్పలనర్సమ్మ పలకరించలేదు. చూపు మాత్రం తిప్పుకోలేదు.

"కొడతారని తెలుసురా" అన్నాడు తవిటయ్య. "ఆ రోజు మీ తాత తెలీక నిలబడినాడు. నాను తెలిసి దాక్కున్నాను. ఇయ్యాల తెలిసే వొచ్చినాను. నువ్వు నా ఎనకాల నిలబడు."