పళ్ల చక్రాల పాఠం

ఆ ఇంట్లో చిన్నకోడలిని అందరూ పిచ్చుక అనేవారు. ఆ పేరు పెట్టింది మావయ్య. కాపురానికొచ్చిన మొదటి వారంలోనే, "ఈ పిల్ల నడవదు, గెంతుతుంది. నోరు కూడా ఒక్క క్షణం ఊరుకోదు. అచ్చం పిచ్చుకే" అని నవ్వాడాయన. ఆమె అలగలేదు సరికదా, ఆ పేరుకే పలకడం మొదలుపెట్టింది.

మావయ్య వాచీలు బాగుచేసేవాడు. బజారు మలుపులో మెట్ల కింద ఉండేది కొట్టు. ఆయన కూర్చున్నాక ఇంకొకరు నిలబడటానికి మాత్రమే చోటు. కంటికి చిన్న భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా ఆచితూచి వదులుతూ నలభై ఏళ్లు అక్కడే గడిపాడు. గట్టిగా తుమ్మితే వాచీలోని మర ఎగిరిపోతుందని జలుబు చేసిన రోజున కొట్టే తెరిచేవాడు కాదు.

అలాంటి మనిషి ఒక ఉదయం కొట్టు తలుపు పైకెత్తుతూ ఎత్తుతూ కూలబడిపోయాడు. పక్షవాతం. ప్రాణం దక్కింది కానీ కుడిచెయ్యి, కుడికాలు చచ్చుబడ్డాయి. కాలు కొన్నాళ్లకు కర్ర సాయంతో కదిలింది, చెయ్యి కదల్లేదు. మాటలన్నీ పోయి ఒకే ఒక్క మాట మిగిలింది, "ఉండు". మంచినీళ్లు కావాలన్నా ఉండు, చాలు అన్నా ఉండు, కోపమొచ్చినా ఉండే. ఆ 'ఉండు'ల్లో ఏది ఏదో పోల్చుకోవడానికి ఇంట్లోవాళ్లకు నెల పట్టింది. కొట్టు ఖాళీ చేసి, ఆయన పనిబల్లను తెచ్చి ముందుగదిలో కిటికీ పక్కన వేశారు. దాన్ని అమ్మేద్దామన్న మాట ఎవరి నోటా రాలేదు.

పిచ్చుక ఒక ప్రింటింగ్ ప్రెస్సులో కంప్యూటర్ మీద కంపోజింగ్ చేసేది. ప్రశ్నపత్రాలు, కరపత్రాలు, మందులషాపు చీటీలు, ఏదైనా సరే. పదకొండు గంటలకల్లా అత్తయ్యకు మోకాళ్లు పట్టేసేవి. మావయ్యను ఒక్కతే లేపి కూర్చోబెట్టలేకపోయేది. సంగతి తెలిసిన ప్రెస్సు యజమాని, "ఆ మూలనున్న పాత కంప్యూటర్ ఇంటికి పట్టుకెళ్లమ్మా. పని అక్కడే చేసి పంపు" అన్నాడు. కంప్యూటర్ పెట్టెతో పాటు ఒక లావుపాటి పుస్తకం కూడా వచ్చింది.

"ఇదేంటండీ?"

"కదిలే బొమ్మలు చేయడం నేర్పే పుస్తకం. ఉత్తినే కదలడం కాదట, మనం నొక్కితే పలుకుతాయట, లాగితే వస్తాయట. ఇంటర్నెట్లో ప్రకటనలన్నీ ఇక అలాగే ఉంటాయని ఎవరో చెబితే తెగ ఉత్సాహపడి కొన్నాను. మూడో పేజీ దాటితే ఒట్టు. నీ దగ్గరే ఉంచు, కనీసం దుమ్ము పట్టకుండా ఉంటుంది."

ఎనిమిది వందల పేజీలు, ఇరవైనాలుగు పాఠాలు. వెనక అట్టకు అంటించిన సంచిలో ఒక సిడి. అంతా ఇంగ్లీషే. పిచ్చుకకు ఇంగ్లీషు అక్షరం అక్షరం తెలుసు, అర్థమే తెలియదు. తప్పు లేకుండా పేజీలకు పేజీలు కొట్టేది కానీ అందులో ఏముందని అడిగితే తెల్లమొహం వేసేది. భర్త స్కూల్లో చదువుకున్నప్పటి నిఘంటువు ఒకటి అట్ట ఊడిపోయి అటక మీద ఉంటే దించింది. ముందుగదిలోనే మావయ్య మంచం మీద, ఆమె కంప్యూటర్ ముందు. మధ్యాహ్నం ప్రెస్సు పని ముగించి పుస్తకం తెరిచేది. ఒక్కో పేజీకి తల ప్రాణం తోకకొచ్చేది.

మొదటి పాఠంలో ఒక గుండ్రటి బంతి స్క్రీన్‌కు ఈ చివర్నుంచి ఆ చివరకు వెళ్లాలి. నాలుగోనాడు అది వెళ్లింది.

"అత్తయ్యా! రండి రండి! బంతి కదిలింది!"

అత్తయ్య తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. చూసింది. "ఇంతేనా! పక్కింటి పిల్లీ కదులుతుంది, దానికెవరూ ఇలా కేకలేయరే" అని వెళ్లిపోయింది. వెళ్లిన మనిషి మళ్లీ గుమ్మం దాకా వచ్చి, "ఏదీ, ఇంకోసారి కదిలించు" అంది.

రెండో పాఠంలో మౌస్ ఎటు పోతే బంతి అటు రావాలి. అది మాత్రం మొరాయించింది. రెండ్రోజులు చూసింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొట్టానే, ఏం రోగమొచ్చిందని విసుక్కుంది. పిచ్చుక కంటపడకుండా ఏ తప్పూ పోదని ప్రెస్సులో పేరు. ఆ పౌరుషంతో కాగితం మీద అచ్చు తీసి, ప్రూఫులు దిద్దినట్టు వేలు పెట్టి ఒక్కో అక్షరం చూసింది. ఒక చోట చిన్న అక్షరం ఉండాల్సింది పెద్దదైంది. అంతే. దాన్ని దిద్దగానే బంతి పెంపుడుకుక్కలా మౌస్ వెంట పడింది. ప్రెస్సులో అక్షరం తప్పుపడితే చదివేవాడు సర్దుకుంటాడు, ఇక్కడ సర్దుకునేవాడు ఎవడూ లేడని ఆ రోజు తెలిసింది ఆమెకు.

అయిదో పాఠం దగ్గర బండి ఆగింది. ఒక పేరు పెట్టి అందులో అంకె దాచమంటాడు పుస్తకం రాసినాయన, తర్వాత ఆ అంకె మార్చమంటాడు, పేరు మాత్రం అదే ఉంటుందంటాడు. మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. విసుగొచ్చి కిటికీ వైపు తిరిగింది. అక్కడ మావయ్య పనిబల్ల. దాని నిండా అగ్గిపెట్టెలంత సొరుగులు, ఒక్కో సొరుగు మీద అంటించిన చీటీ. మరలు, ముళ్లు, స్ప్రింగులు. చీటీ ఎప్పుడూ అదే, లోపల మరలు మాత్రం నిన్న పది, ఇవాళ ఏడు. "ఓరి నీ! ఇంతేనా!" అని పైకే అనేసింది. మంచం మీంచి మావయ్య, "ఉండు?" అన్నాడు. "ఏం లేదు మావయ్యా, మీ సొరుగులు నాకు పాఠం చెప్పాయి" అంది.

ఆయన మొహం అటు తిప్పుకున్నాడు. అంతకుముందు మూడు నెలలుగా అదే వరస. ఎవరైనా పలకరించడానికొస్తే కళ్లు మూసుకునేవాడు. పనిబల్ల వైపు అసలు చూసేవాడే కాదు.

తొమ్మిదో పాఠంలో చక్రం తిప్పడం వచ్చింది. పుస్తకంలో బండిచక్రం బొమ్మ ఉంది. పిచ్చుకకు బండిచక్రం ఎందుకో నచ్చలేదు. వాచీల ఇంట్లో ఉంటూ బండిచక్రమేమిటని పళ్ల చక్రాలు రెండు గీసింది. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పళ్లు ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు. రెండూ తిరిగాయి. ఆమె మురిసిపోతూ ఉండగానే వెనకనుంచి ధన్ ధన్‌మని చప్పుడు.

మావయ్య ఎడమచేత్తో గోడను బాదుతున్నాడు. మొహం ఎర్రబడింది. "ఉండు! ఉండు! ఉండు!"

పిచ్చుక కుర్చీ వెనక్కి తోసి లేచింది. అత్తయ్య గరిట పట్టుకునే వచ్చేసింది. "ఏమైందండీ? నొప్పా? డాక్టరుకు ఫోన్ చెయ్యవే!" ఆయన తల అడ్డంగా ఊపి వేలితో స్క్రీన్ చూపించాడు. తర్వాత పనిబల్ల చూపించాడు. ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని ఆయన్ని బల్ల ముందు కూర్చోబెట్టారు. ఆయన అలవాటులేని ఎడమచేత్తో ఒక సొరుగు లాగాడు. అది ఊడి కింద పడి, లోపలివన్నీ చెల్లాచెదురయ్యాయి. అత్తయ్య నోరు తెరవబోతే "ఉండు" అన్నాడు. ఇంకో సొరుగులోంచి పాత గోడగడియారం చక్రాలు రెండు తీసి, బల్ల మీద మేకుల్లాంటి రెండు పుల్లలకు తగిలించాడు. పళ్లలో పళ్లు కలిపి, పెద్దదాన్ని వేలితో కుడివైపు తిప్పాడు. చిన్నది ఎడమవైపు తిరిగింది.

పిచ్చుక స్క్రీన్ వంక చూసింది. అక్కడ రెండూ ఒకే వైపు తిరుగుతున్నాయి.

"అయ్యో మావయ్యా! ఇలా తిరిగితే పళ్లు విరిగిపోతాయి కదా!"

ఆయన కళ్లు మూసి తెరిచాడు. ఎన్నాళ్లకు ఒకరికి తన గోడు అర్థమైందన్నట్టు పెద్ద నిట్టూర్పు విడిచాడు. పిచ్చుక పరుగున వెళ్లి ప్రోగ్రాంలో ఒక మైనస్ గుర్తు పెట్టింది. చిన్నచక్రం ఎదురు తిరిగింది. ఆయన నవ్వాడు. మూతి ఒక పక్కకే లేచింది కానీ అది నవ్వే. అత్తయ్య గరిటతో పాటు లోపలికి వెళ్లిపోయింది. చాలాసేపు బయటికి రాలేదు.

మర్నాటి నుంచి ఆయన మంచం మీద పడుకుంటే ఒట్టు. పదింటికల్లా కర్ర టకటకలాడించేవాడు. కుర్చీ తెచ్చి కంప్యూటర్ పక్కన వేయాలి. పెద్దచక్రానికి ఎన్ని పళ్లో సూదితో లెక్కపెట్టించాడు, అరవైనాలుగు. చిన్నదానికి ఎనిమిది. అది ఒకసారి తిరిగితే ఇది ఎనిమిదిసార్లు తిరగాలి. పిచ్చుక గీసిన చక్రం ఏడున్నరసార్లు తిరిగితే ఆయనకు ఎలా తెలిసేదో ఏమో, వెంటనే "ఉండు" అనేవాడు. అలా స్క్రీన్ మీద ఒక నిండు వాచీ కట్టడం మొదలైంది, వారానికొక చక్రం పుట్టింది. భర్త సాయంత్రం డ్యూటీ దిగి వచ్చి, "ఇవాళ ఎన్ని పళ్లొచ్చాయి మన వాచీకి?" అని అడిగేవాడు, ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టు.

వాచీకి కీ ఇచ్చే తాళం పిడి తిప్పేది మాత్రం తానే అని పట్టుబట్టాడు మావయ్య. పుస్తకంలో పద్నాలుగో పాఠం మౌస్‌తో బొమ్మను లాగడం గురించే. పిచ్చుక అది ముగించేసరికి ఆయన ఎడమచెయ్యి మౌస్ పట్టుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. మొదట్లో మౌస్ బల్ల దాటి ఒళ్లో పడేది. మరను పట్టుకునే పట్టకారు నలభై ఏళ్లు జారని మనిషికి ఆ అవమానం భరించరానిదైంది. ఒకరోజు మౌస్‌ను విసిరికొట్టాడు. పిచ్చుక దాన్ని ఏరి తెచ్చింది. దాని వైరు సరిచేసి, స్క్రీన్ మీద చిన్నగా ఉన్న తాళం పిడిని కొబ్బరికాయంత చేసింది. "ఇప్పుడు తప్పించుకోలేదు, చూడండి" అంది. ఆయన దాన్ని పట్టుకుని లాగాడు. స్ప్రింగు చుట్టుకుంది, చక్రాలన్నీ కదిలాయి. తర్వాత రోజుకి కాస్త చొప్పున ఆయనకు తెలియకుండా ఆ పిడిని తగ్గిస్తూ వచ్చింది. ఆయనకు తెలియలేదనే ఆమె నమ్మకం.

చివరికి మిగిలింది టిక్కు టిక్కుమనే చోటు. దానికి పుస్తకంలో పాఠం లేదు. అక్కడ ఒక చక్రం ఊరికే తిరగకూడదు, ఒక పన్ను కదిలి ఆగాలి, మళ్లీ ఒక పన్ను కదిలి ఆగాలి. రెండు వారాలు తిప్పలు పడింది. "వచ్చేట్టు లేదు మావయ్యా, వదిలేద్దాం" అంది.

ఆయన తన చేతివాచీ విప్పమని సైగ చేశాడు. వెనక మూత ఆమె చేతే తీయించాడు. భూతద్దం తీసి, ఒంగమని, ఎడమచేత్తో దాన్ని ఆమె కంటికి బిగించాడు. మొదట అంతా మసక. తర్వాత కనిపించింది. ఒక చక్రం అటూ ఇటూ ఊగుతోంది. అది అటు ఊగినప్పుడు చిన్న కొంకి లేచి ఒక పన్నును వదిలేస్తోంది, ఇటు ఊగినప్పుడు తర్వాతి పన్నును పట్టేస్తోంది. ఎంత సేపు చూసిందో, మెడ పట్టేసింది. కొంకి లేస్తే పన్ను కదలాలి, కొంకి వాలితే ఆగాలి. ఇది జరిగితే అది చెయ్యి. ఇంత చిన్న మాట కోసమేనా రెండు వారాలు!

రెండు వరుసలు రాసేసరికి స్క్రీన్ మీద వాచీ నడిచింది. మైకు దగ్గర పెట్టి మావయ్య వాచీ చప్పుడే రికార్డు చేసి దానికి అతికించింది.

ఇది జరిగిన కొన్నాళ్లకు, కొట్టు మూసేముందు ఇచ్చిన వాచీ కోసం ఒకాయన వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు. చేతిపనులు నేర్పే బడిలో మేష్టారు. స్క్రీన్ మీద వాచీని చూసి వచ్చిన పని మరిచిపోయాడు. ముల్లు లాగాడు, తాళం తిప్పాడు. "మా పిల్లలకు నల్లబల్ల మీద బొమ్మలేసి చెబుతున్నానమ్మా, ఒక్కడికీ ఎక్కదు. దీన్ని మా బడికి పట్టుకొస్తారా?" అన్నాడు. "ఇది నాది కాదండి, మావయ్యది. ఆయన్నడగండి" అంది పిచ్చుక. మావయ్య "ఉండు" అన్నాడు. మేష్టారు మొహం చిన్నబోయింది. "వస్తానంటున్నారు" అని అత్తయ్య లోపల్నుంచే కేకేసింది.

అలా రెండేళ్లు, శుక్రవారం శుక్రవారం ఆటోలో వెళ్లేవారు. పిచ్చుక వివరించేది, ఆయన మౌస్‌తో తిప్పి చూపించేవాడు. పిల్లలు తప్పు చెబితే ఒక ఉండు, ఒప్పు చెబితే ఒక ఉండు. ఆ తేడా వాళ్లకు మొదటి రోజే పట్టుబడింది. రెండో ఏడు చలికాలంలో మావయ్య నిద్రలోనే పోయాడు. బడివాళ్లు ఆ తర్వాత పిచ్చుకను వదల్లేదు. తాళంకప్ప ఎలా పనిచేస్తుంది, నీళ్ల పంపు, కుట్టుమిషను, ఇలా ఒకదాని తర్వాత ఒకటి చేయించుకున్నారు. ప్రెస్సు మానేసింది. కదిలే బొమ్మల పాఠాలు చేయడమే ఆమె వృత్తి అయింది.

ఇది జరిగి ఇరవై ఏళ్లు దాటింది. ఆ బొమ్మల్ని నడిపే సాఫ్ట్‌వేరే లోకంలోంచి పోయింది. బడివాళ్లు అడిగితే మొన్న ఆ వాచీని కొత్త పద్ధతిలో మళ్లీ చేసింది పిచ్చుక. ఏడాది పట్టిన పని రెండు పూటల్లో అయిపోయింది. చక్రాలు తళతళలాడుతున్నాయి, నీడలు కూడా పడుతున్నాయి. ఎక్కడా తప్పు లేదు. అయినా ఏదో వెలితి. తప్పు పట్టేవాళ్లు లేకపోతే పని అయినట్టే అనిపించదు ఆమెకు. చిన్నచక్రాన్ని కావాలనే ఏడున్నరసార్లు తిప్పి కాసేపు అలాగే వదిలేసింది, గోడ మీద చప్పుడు రాదని తెలిసినా.

అత్తయ్య వచ్చి పక్కన కూర్చుంది. ఇప్పుడు ఆమెకు చెవులు సరిగ్గా వినపడవు, కళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. చాలాసేపు చూసింది.

"ఒక మాట చెప్పనా" అంది. "మీ మావయ్య నలభై ఏళ్లు వాచీలు విప్పాడు కదా, ఒక్కనాడు కూడా నన్ను లోపల చూడనివ్వలేదు. నీ ఊపిరి తగిలితే పాడైపోతుంది, అవతలికి పో అనేవాడు. వాచీ లోపల ఏముంటుందో నేను మొదట చూసింది నీ కంప్యూటర్లోనే. గుమ్మం దగ్గర నిలబడి రోజూ చూసేదాన్ని. మీరిద్దరూ ఎప్పుడూ వెనక్కి తిరగలేదు."

అత్తయ్య గరిట పట్టుకుని గుమ్మంలో నిలబడిన, తను చూడని ఆ మధ్యాహ్నాలన్నీ ఒక్కసారిగా పిచ్చుక కళ్లముందు తిరిగాయి. లేచి, తన కుర్చీ అత్తయ్యకిచ్చి, ఆమె చేతిని మౌస్ మీద పెట్టింది.

"గట్టిగా తిప్పితే స్ప్రింగు తెగిపోతుందేమోనే" అంది అత్తయ్య.

"తెగితే మళ్లీ చేస్తాను. తిప్పండి."