గోడలోకి వేలెడు రేకు

అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు మధ్యగోడ అన్నకు పోయింది. ఆ గోడను ఆనుకుని ఉన్న పొట్టి గది తమ్ముడికి వచ్చింది. గది మీద వాలుగా రేకుల కప్పు. కప్పు పోయి గోడను తాకేచోట, నీళ్ళు సందులోకి దిగకుండా, పొడవునా ఒక రేకు పట్టీ ఉంటుంది. గొడవంతా ఆ పట్టీ దగ్గరే వచ్చింది.

తమ్ముడి భార్య ఆ గదిలో కుట్టుమిషను పెట్టుకుంది. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే మనిషి. మాట తక్కువ. బావగారు తన గోడకు కొత్తగా సిమెంటు పూయించుకున్న దగ్గర్నుంచీ ఆ గది కారడం మొదలుపెట్టింది. వాన పడితే గోడ వెంట ధారలు. మిషను ముందు గది మధ్యకు జరిగింది, తర్వాత గుమ్మం దగ్గరకు జరిగింది. ఇంకా జరిగితే వీధిలోకే.

బావగారు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూసేవారు.

"పాతబడిపోయిందమ్మాయ్. దీని పని అయిపోయింది," అనేవారు. అని ఊరుకోక తారు డబ్బా పట్టుకుని తనే ఎక్కి, పట్టీ కింది అంచు పొడవునా పూసి దిగేవారు. పూసిన కొద్దీ ఇంకా కారేది.

ఆమె మొగుడు నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు దగ్గితే ఈయన మంచినీళ్ళ గ్లాసు వెతుక్కుంటాడు. అలాంటివాడు ఒకరోజు అన్నగారి దగ్గర కూర్చుని మాటిచ్చి వచ్చాడు. ఈ వానలకు కూడా కారితే గది వదిలేస్తామని, పడగొట్టి బండి పెట్టుకోమని.

"ఎవర్నడిగి అన్నారు?" అంది ఆమె.

"అన్నయ్యే అడిగాడు కదా మరి."

"మిషను ఎక్కడ పెట్టుకోను? మీ నెత్తినా?"

"నెత్తినైతే అదీ తడుస్తుందే," అన్నాడాయన, నవ్వుతుందేమోనని. ఆమె నవ్వలేదు.

రేకులపనివాణ్ణి పిలిపించింది. అతను ఎక్కి చూసి, ఎక్కినంత వేగంగా దిగాడు.

"పట్టీ పై అంచు గోడలోకి దూరాలమ్మా. గోడకి గాడి కొట్టాలి. గోడ ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాడు మీ బావగారు. నాకున్నవి రెండే."

"రేకు మడిచిస్తావా?"

"ఆ, మడిచిస్తా. ఎక్కేది మీరా? సరే, అయితే మేకులు కొట్టిన వరుస మీదే అడుగెయ్యండి, కింద దూలం ఉంటుంది. ఇంకోటి. కింది అంచుకు మాత్రం ఏమీ పూయొద్దు. పూశారో, దూరిన నీళ్ళకు బయటికి దారుండదు, అన్నీ ఇంట్లోకే."

ఆమె బావగారి తారు వైపు ఒకసారి తలెత్తి చూసింది.

మర్నాడు పొద్దున్నే నిచ్చెన వేసింది.

"అన్నయ్య లేచాడే," అన్నాడు మొగుడు గొంతు తగ్గించి.

"లేవనివ్వండి. నిచ్చెన పట్టుకుంటారా, పట్టుకోరా?"

పట్టుకున్నాడు. పట్టుకుని, ఆ నిచ్చెన ఎవరిదో తనకు తెలియనట్టు వీధివైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆమె మేకుల వరుస మీద అడుగేస్తూ గోడ దాకా వెళ్ళింది. తారు గీకింది. పాత పట్టీని ఊడబెరికింది. ఉలి గోడకు ఆనించి సుత్తితో ఒక్కటిచ్చింది.

ఆ చప్పుడుకు బావగారు సగం గడ్డం గీసుకున్న మొహంతో బయటికొచ్చారు. రెండో చెంప నిండా నురగ.

"ఏయ్ అమ్మాయ్! దిగు! ఎవరి గోడనుకున్నావ్ అది?"

"గోడ మీదే బావగారూ. వాన ఎవరిదో చెప్పండి."

"ఇంకో దెబ్బ పడిందంటే బాగుండదు!"

ఇంకో దెబ్బ పడింది. అట్టకట్టిన సిమెంటు ఊడి కిందపడింది. లోపల ఏదో మెరిసింది. గోడలో పాత గాడి, గాడిలో వేలెడంత రేకు. పట్టకారుతో లాగితే వచ్చింది. అంచు తిన్నగా ఉంది. చిరిగిన అంచేదో, కత్తిరించిన అంచేదో ఆమెకొకరు చెప్పాలా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె చేసేదే ఆ పని.

"బావగారూ, ఇది పాతబడి పోయింది కాదు. కత్తెర పడింది."

బావగారు గొంతు పెంచారు.

"పడితే? పంచుకున్నాక నా గోడలో మీ రేకెందుకుండాలి? వేలెడు లోపలికొచ్చింది. నా వైపు వచ్చింది నేను తీయించా. తప్పా?"

తమ్ముడు వీధి చూడటం మానేశాడు. "నువ్వే కోయించావా అన్నయ్యా?" అన్నాడు. చేతులు నిచ్చెన మీంచి జారిపోయాయి.

నిచ్చెన ఒరిగింది. ఒరిగినదాన్ని తోటికోడలు వచ్చి పట్టుకుంది. ఎప్పుడొచ్చిందో, చేతిలో మొగుడి చొక్కా.

"పైన మనిషుంటే వదిలేస్తావేమయ్యా?" అని మరిదిని కసిరి, మొగుడి వైపు తిరిగింది. "మీ గోడా? రండి, చూపిస్తా మీ గోడ. పడకగదిలో బీరువా జరపండి. వెనక చెయ్యి పెడితే చెమ్మ. చొక్కాలకు బూజెందుకు పడుతోందని నన్ను తిడతారే, ఇదిగో ఇందుకు. మీరు అరుస్తారని బీరువా అడ్డం పెట్టి దాచా. ఇంకెన్నాళ్ళు దాచను?"

"ఇంట్లో మాట ఇంట్లో..."

"నీళ్ళూ ఇంట్లోకే వస్తున్నాయి." చొక్కా భుజాన వేసుకుని నిచ్చెనను రెండు చేతులా బిగించి పట్టుకుంది. "కొట్టవే చెల్లీ! ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కొట్టు!"

కొట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. గాడి తీసి, రేకు పై అంచు అందులోకి దూర్చి, సిమెంటు కూరింది. కింది అంచును కప్పు మీదికి వాల్చి వదిలేసింది.

ఆపాటికి బావగారు మిగతా గడ్డం గీసుకుని మళ్ళీ వచ్చారు. చూడకుండా ఉండలేకపోయారు.

"కింద తెరిచి వదిలేశావ్. తారు పూయకపోతే నీళ్ళెలా ఆగుతాయి?"

"ఆగక్కర్లేదు బావగారూ. పోవాలి."

"వాన రానీ. ఒక్క చుక్క కారినా మాట మాటే. గది నాది."

ఆమె నిచ్చెన దిగి, జుట్టులో పడ్డ సిమెంటు దులుపుకుంది.

"ఆ మాట నేనివ్వలేదు. కారినా ఇవ్వను. కారితే మళ్ళీ ఎక్కుతా."

"నేనిచ్చింది కూడా వెనక్కి తీసుకుంటున్నా అన్నయ్యా," అన్నాడు మొగుడు. నేలకేసి చూస్తూనే అన్నాడు. అయినా అన్నాడు.

వాన ఒక సాయంత్రం విరుచుకుపడింది. పిలవకుండానే బావగారు వచ్చారు. గోడ మీద అరచెయ్యి వేసి, తీసి చూసుకున్నారు. పొడిగా ఉంది. ఇంకోచోట వేశారు. మూలకు పోయి వంగి అక్కడా తడిమారు. ఎక్కడా తడి అంటలేదు.

ఆమె గుమ్మం దగ్గర్నుంచి మిషను ఈడ్చుకొచ్చింది.

"కొంచెం తప్పుకోండి బావగారూ. దీని చోటు అది."

"గోడకు మరీ ఆనించకు. ఆ చప్పుడు మా పడకగదిలోకి వినబడుతుంది."

"వినబడుతుంది," అంది ఆమె.

గోడకు ఆనించే పెట్టింది. వాన వెలిసేదాకా తొక్కుతూనే ఉంది.