గట్టు మీద నారుకట్ట

“నీకేందిమే చెంచమ్మా, మిద్దింట్లో మహరాణివి” అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ మహరాణి మధ్యాహ్నమంతా గోడలకేసి చూస్తూ కూర్చుంటుందని ఈ మహానుభావులకు ఎవరు చెప్పాలి?

మా ఆయన వెంకయ్య కోవూరు పక్కన పొలం కొని మిద్దె వేసింది అరవైరెండులో. అంతకు ముందు మాది పూరిపాక. వానొస్తే పొయ్యిలో నీళ్ళు. ఆకలి ఆకలే, అబద్ధమెందుకు? కానీ నాట్ల రోజుల్లో నాతో కూలికొచ్చే నేస్తం కామమ్మ పక్కన బురదలో వంగి నేను పాట ఎత్తుకుంటే చేలో ఉన్న ఆడవాళ్ళంతా అందుకునేవాళ్ళు. నవ్వి నవ్వి కడుపు నొప్పి వచ్చేది. ఆ కడుపులో గంజి తప్ప ఏమీ ఉండేది కాదు.

సొంత పొలం వచ్చాక మా ఆయనది ఒకటే మాట.

“ఇంక చేలోకి పోబాక. రైతు పెళ్ళాం కూలోళ్ళతో నాటేస్తే నలుగురూ నవ్వుతారు.”

ఒక ఏడు ఓర్చుకున్నాను. మరుసటేడు మా చేలో నాట్లంటే ప్రాణం ఆగలేదు. ఆయన నెల్లూరు వెళ్ళాడు. కామమ్మ పక్కన ఒక్క వరస నాటి వచ్చేద్దామని బయల్దేరాను.

దూరం నుంచే పాట వినిపించింది. నేను గట్టెక్కగానే ఆగిపోయింది.

“ఆపినారేందిమే? కామమ్మా, కాస్త జరుగు” అంటూ చీర ఎగ్గట్టాను.

కామమ్మ నారుకట్ట తీసుకొని గట్టెక్కి నా కాళ్ళకు అడ్డంగా పెట్టింది. నాట్లప్పుడు ఆసామి గట్టు మీదికొస్తే కూలివాళ్ళు అలా నారు అడ్డం పెట్టి మామూలు అడుగుతారు. మేమిద్దరం కలిసి ఎంతమంది ఆసాముల కాళ్ళకు పెట్టామో! వేళాకోళమనుకొని పకపకా నవ్వాను.

కామమ్మ నవ్వలేదు. చేతులు కట్టుకొని నిలబడింది.

“ఏందిమే ఇది? నేనే కదా!”

“మీరు దిగబాకండమ్మా. అయ్యకు తెలిస్తే రేపట్నుంచి మమ్మల్ని పనికి పిలవడు. మాకేమన్నా ఇప్పించండి.”

మీరట! అమ్మట! చెంప మీద కొట్టినా బాగుండేది. కొంగుముడి విప్పి ఉన్న చిల్లరంతా దాని చేతిలో పోశాను. “చల్లంగుండండమ్మా” అని అందరూ దండం పెట్టారు. వాళ్ళను అనేందుకేముంది? ఎగ్గట్టిన చీర దించుకొని వెనక్కి తిరిగాను.

కాలవ దాటేదాకా చేలో చప్పుడు లేదు. తర్వాత పాట మొదలైంది. నా పాటే. నేను ఎత్తుకునే చోట ఇంకెవరో ఎత్తుకున్నారు. బాగానే పాడారు.