చుక్క పెట్టిన నెల

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపినీ ఇవ్వలేదు. పిండకుండా ఆరేసిన దుప్పటిలా కొలతల ఆఫీసు మీద వేలాడింది. రికార్డు గుమాస్తా గొడుగు తెరవాలో వద్దో తేల్చుకోలేక సగం తడిసే లోపలికి వచ్చాడు. కొత్త కొలత వచ్చింది కనుక సాయంత్రానికి పిల్లల కొలతలు రాసిన పాత కార్డులన్నీ లారీ ఎక్కి కాగితం మిల్లుకు పోవాలి. వాటిలో వాళ్ళక్క కార్డు కూడా ఉంది.

అక్క నిన్ననే అడిగింది. "ఎటూ గుజ్జు చేసేస్తారుగా. నాదొక్కటీ పట్టుకురారా. నాలో ఏం తక్కువైందో ఒక్కసారి చూసుకుంటాను."

ఆమెకి యాభై నాలుగేళ్ళు. తొమ్మిదో ఏట పరీక్ష పెట్టి బుర్ర కొలిచి, జనం మందబడి అనే చోటికి పంపారు. అక్కడ చదువు తక్కువ, చేతిపని ఎక్కువ. అక్కడినుంచి ఆసుపత్రిలో బట్టలుతికే గదికి చేరింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అక్కడే. తమ్ముడు అదే పరీక్ష గట్టెక్కి, పెద్దబడిలో చదివి, పిల్లల్ని కొలిచే ఆఫీసులోనే కుర్చీ సంపాదించాడు.

కొలత వచ్చిన కొత్తల్లో అందరూ సంబరపడ్డారు. అంతకుముందు పెద్దబడిలో చోటు ఎవరి కొడుకన్నదాన్ని బట్టి ఉండేది. ఇక పుట్టుక చూడం, బుర్ర చూస్తాం అన్నారు ఓట్లడిగినవాళ్ళు. వాళ్ళ నాన్న ఒక పూట పని మానుకుని మరీ ఓటేసి వచ్చాడు. కూతురి ఫలితం వచ్చిన రోజు ఆయన మామూలుగానే పనికి పోయాడు. అన్యాయమని ఎవరితో అంటాడు? కొలత అందరికీ ఒకటేనాయె.

స్టోరుకీపరు కార్డుల కట్టల మీద కూర్చుని కాళ్ళూపుతున్నాడు. "ఎవరిది వెతుకుతున్నావయ్యా? నాది దొరికితే చింపెయ్. మా ఆవిడ చూసిందంటే ఆమె అనుమానం తీరిపోతుంది."

గుమాస్తా నవ్వలేదు. కార్డు దొరికింది. పరీక్షలో తేలిన బుర్ర వయసు ఎనిమిదేళ్ళ ఆరు నెలలు. ఒంటి వయసు తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలు. భాగిస్తే నూటికి ఎనభై ఏడు. తొంభై వస్తే పెద్దబడి. పుట్టిన నెల గడిలో ఒకటి అంకె, దాని పక్కన చిన్న చుక్క.

ఆ చుక్క ఏమిటో ఆఫీసు బయట ఎవరికీ తెలియదు. నెల లేకపోతే లెక్క తేలదు. అందుకని నెల తెలియని పిల్లలకి మొదటి నెల వేసి, పక్కన చుక్క పెట్టడం గుమాస్తాల వాడుక. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పేవాళ్ళు. నెల తెలియనిది ఎవరికి? ఇంట్లో కాగితం ముక్క లేనివాళ్ళకే. అక్క పుట్టింది ఏడాది ఆఖరి నెలలో. అమ్మ ఇంట్లో వందసార్లు చెప్పింది. ఆఫీసు బల్ల ముందు నిలబడ్డప్పుడు మాత్రం నోరు పెగిలి ఉండదు.

కార్డు వెనక పెన్సిలుతో, ఆఖరి నెల వేసి లెక్క కట్టాడు. ఒంటి వయసు ఎనిమిదేళ్ళ పది నెలలు. భాగిస్తే తొంభై ఆరు.

స్టోరుకీపరు తొంగిచూశాడు. "చుక్కుందా?"

"ఉంది."

"ఏం చేస్తాం. ఎన్ని వేలమందికి లేదు? నువ్వు మటుకు పెట్టలేదూ?"

పెట్టాడు. ఇరవై ఆరేళ్ళు పెట్టాడు.

వెతికాను, దొరకలేదు అని చెప్పడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. తలుపు తీసిన అక్క, సబ్బునీళ్ళకి నాని పాలిపోయిన చెయ్యి చాచేసరికి, జేబులోంచి కార్డు దానంతటదే వచ్చినట్టు వచ్చేసింది. చుక్క సంగతి చెప్పాడు. తొంభై ఆరు సంగతీ చెప్పాడు.

ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టింది.

"అయితే నేను మొద్దుని కానన్నమాట."

"కాదక్కా."

"మొన్న పెద్దనర్సమ్మ, బట్టల గదికి పెద్దగా ఉంటావా అనడిగింది. నాకు లెక్కలు రావమ్మా అన్నాను. రోజూ ఆరువందల దుప్పట్లు ఏ వార్డుకెన్నో నోటితోనే చెప్పి పంపిస్తున్నానా, అయినా అదే అన్నాను."

ఆమె కార్డు కింద పెట్టి తమ్ముడి వైపు చూసింది.

"నువ్వెంతమందికి పెట్టావురా?"

"లెక్కపెట్టుకోలేదు."

"పోనీ, ఎవరెవరో రాసుకున్నావా?"

"లారీ వెళ్ళిపోయిందక్కా."

ఆమె లేచి రెండు కంచాలు పెట్టింది. తమ్ముడికే ముందు వడ్డించింది. ఇద్దరూ తలలు వంచుకుని తిన్నారు.